ఫొటోల్లో ఒకేచోట నల్లచుక్కలు: కెమెరా లోపలి దుమ్ము, మరకలు తీసేదెలా?

కోనసీమ క్లిక్స్ | అమలాపురం

అందరికీ నమస్కారం అండి. నాది పాత డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా). దాని సెన్సర్, అంటే ఫొటో పడే పలక, ఏపీఎస్-సి అనే చిన్న సైజుది. పెళ్లిళ్లు తీస్తాను. ఖాళీ దొరికితే కాలవగట్ల మీద, తోటల్లో తిరిగి నా కోసం తీసుకుంటాను. సార్వా కోతల సమయంలో చేలల్లో చాలా తీశాను. ఆ ఫొటోలు పెద్దవి చేసి చూస్తే ఆకాశం ఉన్న ప్రతిచోటా మసగ్గా నల్లచుక్కలు. లెన్స్ తుడిచినా పోలేదు. వేరే లెన్స్ పెట్టినా అవే చుక్కలు, అదే చోట. పెళ్లి మండపంలో తీసిన వాటిలో మాత్రం కనపడట్లేదు. ఇంకో విచిత్రం, వ్యూఫైండర్‌లో (కన్ను ఆనించి చూసే కిటికీలో) సన్నటి వెంట్రుక ఒకటి కనిపిస్తోంది, అది ఫొటోలో లేదు.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం (ఊళ్ల నుంచి ఎత్తైన ప్రభలు మోసుకొచ్చే ఉత్సవం) తీయాలి. అక్కడ సగం ఫ్రేము ఆకాశమే ఉంటుంది కాబట్టి ఈలోపు శుభ్రం చేసుకోవాలని టెన్షన్‌గా ఉంది. స్పిరిట్‌తో తుడవమని ఒకరు, పంక్చర్ షాపులో గాలి కొట్టించమని ఒకరు చెబుతున్నారు. చేసినవాళ్లు ఎవరైనా ఉంటే వివరంగా చెప్పండి.

గోదారిగట్టు | రాజమహేంద్రవరం

పంక్చర్ షాపు గాలి వద్దు బాబూ. ముందు ఆ ఆలోచన మానెయ్. కంప్రెసర్ ట్యాంకులో నీరు దిగుతుంది, నూనె కూడా కలుస్తుంది. ఆ రెండూ గాలితో పాటు వచ్చి సెన్సర్ మీద పడతాయి. ఆ ఒత్తిడికి షట్టర్ రేకులు వంగిపోయే ప్రమాదం కూడా ఉంది. స్పిరిట్ సంగతి కెమెరాలు బాగుచేసే మన మేస్త్రి గారు వచ్చి చెబుతారు.

పాలకొల్లు లెన్స్ | పాలకొల్లు

లెన్స్ మారినా చుక్క చోటు మారలేదంటే అది సెన్సర్ మీదిదే. వ్యూఫైండర్‌లో కనపడి ఫొటోలో కనపడనిది ఫోకసింగ్ స్క్రీన్ (అద్దానికి పైన, వ్యూఫైండర్‌లో దృశ్యం పడే పలక) మీదో, అద్దం మీదో ఉన్నట్టు. ఫొటో తీసేటప్పుడు అద్దం పైకి లేచిపోతుంది కదా, కాబట్టి అది ఫొటోలోకి రాదు. దాని జోలికి వెళ్లకండి.

ఏదైనా చేసే ముందు ఒక టెస్ట్ ఫొటో తీయండి. అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం; ఎఫ్ అంకె పెరిగితే అది చిన్నదవుతుంది) ప్రయారిటీలో ఎఫ్22, ఐఎస్ఓ 100, ఫోకస్ మాన్యువల్‌లో అనంతానికి. మబ్బు లేని ఆకాశం గానీ, కంప్యూటర్‌లో తెల్లటి స్క్రీన్ గానీ ఫ్రేము నిండా పెట్టి నొక్కండి. షట్టర్ నెమ్మదిగా ఉన్నా పర్వాలేదు, ఆ సమయంలో కెమెరాని కొంచెం కదిపితే ఇంకా మంచిది. స్క్రీన్ మీదో గోడ మీదో ఉన్న మరకలు చెదిరిపోతాయి, సెన్సర్ మీదివి మాత్రం నిలబడతాయి. ఆ ఫొటోని కంప్యూటర్‌లో నూరు శాతం సైజులో, కాంట్రాస్ట్ బాగా పెంచి చూడండి.

కోనసీమ క్లిక్స్ | అమలాపురం

తీశానండి. గుండె ఆగినంత పని అయింది. పై భాగమంతా చుక్కలే. ఎడమ పక్క పైమూల దగ్గర కొంచెం పెద్ద మరక ఒకటి, గుండ్రంగా, నడిమధ్య తెల్లగా అంచు నల్లగా ఉంది. అదేమిటి? ఇంకో సందేహం, మండపం ఫొటోల్లో ఇవేవీ ఎందుకు లేవు?

కొల్లేటి కొంగ | కైకలూరు

రెండో ప్రశ్నకు నేను చెబుతాను. దుమ్ము పడేది సెన్సర్ మీద కాదు, దాని ముందు బిగించిన పల్చటి గాజు ఫిల్టర్ మీద. అంటే దుమ్ముకీ సెన్సర్‌కీ మధ్య కొద్దిగా ఎడం ఉంటుంది. అపెర్చర్ బాగా తెరిచి ఎఫ్2.8లో తీస్తే వెలుగు అన్ని వైపుల నుంచీ ఏటవాలుగా వచ్చి ఆ నీడని చెరిపేస్తుంది. ఎఫ్16, ఎఫ్22లో వెలుగు దాదాపు నిటారుగా వస్తుంది కాబట్టి నీడ గట్టిగా పడుతుంది. మండపంలో లైటు తక్కువ, మీరు అపెర్చర్ తెరిచే తీసి ఉంటారు. ఆటపాకలో గూడబాతులను నేను ఎఫ్5.6, ఎఫ్6.3లో తీస్తాను. నా సెన్సర్ మీదా దుమ్ము ఉంది, కానీ ఆ ఫొటోల్లో ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు.

అందుకని టెస్ట్ ఫొటో చూసి కంగారు పడకండి. ఎఫ్22లో మచ్చలేని కెమెరా ఉండటం అరుదు. మీరు మామూలుగా వాడే ఎఫ్8లోనో ఎఫ్11లోనో ఇంకోటి తీసి చూడండి. అందులో కనపడేవి పోతే చాలు.

గోదారిగట్టు | రాజమహేంద్రవరం

నేనూ అదే అంటాను. ఎఫ్8లో తీసుకుని, మిగిలిన ఒకటి రెండు చుక్కలు ఎడిటింగ్‌లో హీలింగ్ బ్రష్‌తో తీసేస్తే సరిపోతుంది. సెన్సర్‌ని ముట్టుకోవడమెందుకు?

తణుకు తులసి | తణుకు

అన్నయ్య గారూ, ఫొటోలకైతే మీ మాట నిజమే. ఆయన పెళ్లిళ్లు తీస్తారు, అంటే వీడియో కూడా ఉంటుంది. వీడియోలో షట్టర్ 1/50 దగ్గర కట్టేసి ఉంచుతాం. పగలు ఆరుబయట ఊరేగింపు తీయాలంటే ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్ ముందు పెట్టే, వెలుగు తగ్గించే గాజు) లేకపోతే అపెర్చర్ ఎఫ్16 దాకా మూయక తప్పదు. అప్పుడు ఆకాశంలో చుక్క కదలకుండా కూర్చుంటుంది, వెనక దృశ్యం కదులుతుంది. కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఫ్రేము ఫ్రేముకీ దాన్ని చెరపడం చాలా కష్టం. శుభ్రం చేసుకోవాల్సిందే, ఎన్‌డీ ఫిల్టర్ కూడా కొనుక్కోవాల్సిందే.

గోదారిగట్టు | రాజమహేంద్రవరం

వీడియో నాకు తట్టలేదమ్మా. ఒప్పుకుంటాను.

మరమ్మతు మేస్త్రి | కాకినాడ

ఆయ్, ఇప్పుడే చూశానండి. వివరంగా చెబుతాను, కంగారు లేకుండా చదవండి.

మీ చుక్కలు రెండు రకాలు. మసగ్గా నల్లగా ఉన్నవి దుమ్ము. నడిమధ్య తెలుపు, చుట్టూ నల్లంచు ఉన్నది ఎక్కువగా నూనె చుక్క గానీ, నీటి తుంపర ఎండిన మరక గానీ అవుతుంది. షట్టర్, అద్దం కదిలే చోట ఉండే గ్రీజు తుంపర ఒక్కోసారి సెన్సర్ మీద పడుతుంది. 2012లో వచ్చిన నికాన్ డీ600 ఈ సమస్యతోనే పేరుకెక్కింది. 2014లో ఆ కంపెనీ ఆ మోడల్ షట్టర్‌ని ఉచితంగా మార్చి ఇస్తామని ప్రకటించింది. దుమ్ము గాలికి పోతుంది. నూనె పోదు. అందుకే ఏది ఎక్కడుందో తెలియకుండా చెయ్యి పెట్టకూడదు.

చోటు గుర్తుపట్టడం ఇలా. లెన్స్ దృశ్యాన్ని తలకిందులు చేసి సెన్సర్ మీద వేస్తుంది. కెమెరాని మామూలుగా నిలబెట్టి ముందునుంచి మౌంట్ (లెన్స్ బిగించే చోటు) లోపలికి చూస్తే, ఫొటోలో పైన ఉన్న చుక్క సెన్సర్ మీద కింద ఉంటుంది. ఎడమ కుడి మాత్రం మారవు, మీరు ఎదురుగా నిలబడి చూస్తున్నారు కాబట్టి. మీ నూనె మరక ఫొటోలో ఎడమ పైమూల అన్నారు. మీరు లోపలికి చూసినప్పుడు అది ఎడమ కిందమూల ఉంటుంది. మీ చుక్కలన్నీ ఫొటో పై భాగంలో ఉన్నాయంటే సెన్సర్ కిందవైపు చేరాయన్నమాట. కెమెరా నిలబెట్టి ఉన్నప్పుడు దుమ్ము దిగేది అటే.

మొదటి పని కెమెరాలో ఉన్న ఆటోమేటిక్ క్లీనింగ్. మెనూలో ఉంటుంది. సెన్సర్ ముందు గాజుని చాలా వేగంగా వణికించి దుమ్ము దులుపుతుంది. కెమెరా అడుగుభాగం బల్ల మీద ఆనించి, నిటారుగా ఉంచి నడపాలి. దులిపిన దుమ్ము కిందకి రాలాలి కదా. వరసగా కొన్ని సార్లు చేసి మళ్లీ టెస్ట్ ఫొటో తీయండి. చాలామందికి సగం పని ఇక్కడే అయిపోతుంది.

కొల్లేటి కొంగ | కైకలూరు

ఈ వణికించే పద్ధతిని 2003లో ఒలింపస్ ఈ-1తో మొదలుపెట్టారు. క్యానన్‌లో 2006 నాటి 400డీతో వచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో అంతకంటే పాతది కొన్నవాళ్లు మెనూలో వెతికి లేదని బాధపడకండి.

మరమ్మతు మేస్త్రి | కాకినాడ

రెండోది బ్లోయర్. రాకెట్ ఆకారంలో రబ్బరుది దొరుకుతుంది, పెద్దది కొనండి. చిన్నవాటికి గాలి చాలదు. మందుల షాపులో రబ్బరు బల్బులు వాడేవాళ్లున్నారు, వాటి లోపల పౌడర్ ఉండొచ్చు. కొత్త బ్లోయర్‌ని కూడా ముందు బయట గట్టిగా కొన్నిసార్లు నొక్కి, లోపలి దుమ్ము పోనిచ్చి అప్పుడు వాడండి.

గది సంగతి. ఫ్యాన్ ఆపండి, కిటికీలు మూయండి. తడిగుడ్డతో నేల తుడిచి కాసేపు ఆగండి. అగరొత్తి, దోమల చక్రం వెలిగించిన గదిలో వద్దు, ఆ పొగ గాజు మీద పొరలా అంటుకుంటుంది. ఉన్ని దుస్తులు, దూది రాలే పాత తువ్వాళ్లు దగ్గర పెట్టుకోకండి.

బ్యాటరీ నిండా ఛార్జ్ చేయండి. ఇది మరిచిపోతే ప్రమాదం. డీఎస్ఎల్ఆర్‌లో అద్దాన్ని పైకి లేపి, షట్టర్ తెరిచి ఉంచడానికి మెనూలో ప్రత్యేకంగా ఒక ఆప్షన్ ఉంటుంది. నికాన్‌లో అది మిర్రర్ లాక్ అప్ పేరుతో, క్యానన్‌లో సెన్సర్ క్లీనింగ్ కింద మాన్యువల్ పేరుతో కనిపిస్తుంది. బ్యాటరీ తక్కువుంటే నికాన్‌లో ఆ ఆప్షన్ అసలు పనిచేయదు. మధ్యలో ఛార్జ్ అయిపోవస్తే కెమెరా బీప్ శబ్దంతో హెచ్చరిస్తుంది, కాసేపటికి అద్దం దిగిపోతుంది. ఆ బీప్ వినగానే లోపల ఉన్నదేదైనా బయటకి తీసేయాలి. కొందరు బల్బ్ మోడ్‌లో బటన్ నొక్కిపట్టి ఊదుతారు. వేలు జారితే షట్టర్ మూసుకుపోతుంది, స్వాబ్ (సెన్సర్ తుడిచే మెత్తటి గుడ్డ చుట్టిన పుల్ల) లోపలుంటే షట్టర్ పనైపోయినట్టే. బల్బ్ మోడ్ వద్దే వద్దు.

అద్దం లేచాక కెమెరాని మౌంట్ కిందకి ఉండేలా ఒక చేత్తో పట్టుకోండి. బ్లోయర్ ముక్కు మౌంట్ అంచు దాటి లోపలికి వెళ్లకూడదు. కింద నుంచి పైకి గట్టిగా ఊదండి. కదిలిన దుమ్ము కిందకే రాలుతుంది. నోటితో ఊదకండి, ఎంత జాగ్రత్తగా ఊదినా తుంపర పడుతుంది. కంప్యూటర్లకి వాడే డబ్బా గాలి కూడా వద్దు, అందులోని ద్రవం చల్లగా చిమ్మి గాజు మీద మరక వేస్తుంది.

ఇంతవరకు ఎవరైనా చేసుకోవచ్చు. ఇక్కడ ఆగి టెస్ట్ ఫొటో తీసి, ఫలితం చెప్పండి. తర్వాతది తర్వాత.

ఆకివీడు అబ్బాయి | ఆకివీడు

మేస్త్రి గారూ, నాది మిర్రర్‌లెస్. అద్దమే లేదు, లెన్స్ తీస్తే సెన్సర్ ఎదురుగా కనిపిస్తుంది. నేనూ ఇదే చేయాలా? మా దగ్గర చెరువుల గట్ల మీద తీసేటప్పుడు ఏరియేటర్ల (నీళ్లలో గాలి కలిపే యంత్రాల) తుంపర గాలికి కొట్టుకొచ్చి పడుతుంది. ఊళ్లో ఒక షాపులో శుభ్రం చేయిస్తే ముందుకంటే ఎక్కువ గీతలు కనిపిస్తున్నాయి. నా ముందే ఇంకో కెమెరాకి వాడిన స్వాబ్‌నే నాదానికీ వాడారు.

మరమ్మతు మేస్త్రి | కాకినాడ

తమ్ముడూ, ముందు గీతల సంగతి. అవి నిజంగా గాజు గీసుకుపోయినవా, ద్రవం ఎండిన చారలా అని తేల్చుకోవాలి. టార్చ్ లైటు పక్కనుంచి ఏటవాలుగా వేసి చూడు. చార అయితే వంపులు తిరిగిన మరకలా మెరుస్తుంది, కొత్త స్వాబ్‌తో పోతుంది. గీత అయితే ఏ కోణంలో చూసినా సన్నగా, పదునుగా ఉంటుంది. అది తుడిస్తే పోదు, ఆ ఫిల్టర్ గాజునే మార్చాల్సి వస్తుంది. వాడిన స్వాబ్‌లో ముందు కెమెరా ఇసుక రేణువు ఉంటే చాలు, అదే గీస్తుంది. ఇక ఎవరి దగ్గర చేయించినా కొత్త ప్యాకెట్ నీ కళ్లముందే చించమని అడుగు. మొహమాటపడకు.

మిర్రర్‌లెస్‌లో పద్ధతి ఇంచుమించు ఇదే. కానీ సెన్సర్ మౌంట్‌కి చాలా దగ్గరగా ఉంటుంది కాబట్టి బ్లోయర్ ముక్కు ఇంకా దూరంగా పట్టుకోవాలి. కొన్ని మోడళ్లలో కెమెరా ఆపితే షట్టర్ ముందుకొచ్చి మూసుకుంటుంది. ఆ రేకులని తాకకూడదు, వాటి మీద నేరుగా గట్టిగా ఊదకూడదు. బాడీలోనే స్టెబిలైజేషన్ (చేతి వణుకు ఫొటోలో పడకుండా ఆపే ఏర్పాటు) ఉంటే సెన్సర్ వేలాడుతున్నట్టు కదులుతుంది. దాన్ని నొక్కి తుడవకూడదు. మెనూలో క్లీనింగ్ మోడ్ ఉంటే అందులోకి వెళ్లే చేయాలి.

యానాం తీరం | యానాం

సముద్రపు గాలి గురించి కూడా చెప్పాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు తీసి వచ్చాక నా కెమెరాలో పడ్డ చుక్కలు బ్లోయర్‌కి ఎప్పుడూ కదలవు. అక్కడి గాలిలో ఉప్పు తుంపర ఉంటుంది. అది దుమ్ముతో కలిసి ఎండితే అతుక్కుపోతుంది. తీరం దగ్గర లెన్స్ మార్చడం పూర్తిగా మానేశాను, జూమ్ ఒకటి పెట్టుకుని వెళ్తాను. ఇంటికి రాగానే బాడీనీ లెన్స్ బయటభాగాన్నీ మంచినీళ్లతో కొద్దిగా తడిపి పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరుస్తాను. ఇది బయటభాగానికే సుమా, లోపలికి కాదు.

మరమ్మతు మేస్త్రి | కాకినాడ

చాలా విలువైన మాట. మన డెల్టాలో దుమ్ము కంటే తేమ పెద్ద శత్రువు. ఎండు దుమ్ము ఊదితే పోతుంది. అదే దుమ్ము ఒకసారి తడిసి ఆరితే గాజుని పట్టేస్తుంది. నా దగ్గరకొచ్చే కెమెరాల్లో తుడవక తప్పనివి ఎక్కువ ఇవే. ఏసీ కల్యాణ మండపంలోంచి ఒక్కసారిగా బయట ఉక్కలోకి వస్తారు, లెన్స్ మీద ఆవిరి కమ్ముతుంది. అదే సమయంలో లెన్స్ విప్పితే చల్లగా ఉన్న సెన్సర్ గాజు మీదా ఆవిరి పడుతుంది. బయటి దుమ్ము దాని మీద వాలి ఆరిపోతుంది. ఏసీలోంచి వచ్చే ముందు కెమెరాని జిప్ కవర్‌లో పెట్టి, బయటి వేడికి అలవాటయ్యాక తీయండి. ఆవిరి పూర్తిగా పోయేదాకా లెన్స్ మార్చకండి.

కోనసీమ క్లిక్స్ | అమలాపురం

ఆటో క్లీనింగ్, బ్లోయర్ రెండూ చేశానండి. ఫ్యాన్ ఆపి, తలుపులు వేసుకుని, చెమటలు కక్కుతూ! చిన్న చుక్కలు దాదాపు అన్నీ పోయాయి. ఎఫ్11లో ఇప్పుడు మూడే ఉన్నాయి. అందులో ఆ గుండ్రటి మరక అసలు కదలలేదు. దాన్ని మాత్రం తీయాలి. తులసి గారు జెల్ స్టిక్ వాడతారని వేరే చర్చలో చదివాను, అది పనికొస్తుందా?

తణుకు తులసి | తణుకు

నేను వాడుతున్నాను, నాకు బాగానే ఉంది. పుల్ల చివర మెత్తటి జిగురు దిమ్మె ఉంటుంది. సెన్సర్ మీద మెల్లగా ఆనించి ఎత్తితే దుమ్ము దానికి అంటుకుని వస్తుంది. దానితో ఇచ్చిన జిగురు కాగితం మీద అద్ది, మళ్లీ పక్కచోట. ద్రవం లేదు కాబట్టి చారలు పడవు. ఏ కెమెరాకి ఏ జెల్ సరిపోతుందో మాత్రం చూసి కొనాలి. కొన్ని బ్రాండ్ల సెన్సర్ పూతకి వేరే రకం అమ్ముతారు. మార్కెట్లో నకిలీలు కూడా ఉన్నాయి, వాటి జిగురు గాజు మీదే మిగిలిపోతుంది.

మరమ్మతు మేస్త్రి | కాకినాడ

అమ్మ చెప్పింది నిజమే, పొడి దుమ్ముకి జెల్ స్టిక్ మంచిదే. కానీ నూనె చుక్కకి వాడకూడదు. నూనె జెల్‌కి పట్టుకుని మిగతా సెన్సర్ అంతా ముద్రలు పడతాయి. ఈయనకి మిగిలింది నూనె మరక, కాబట్టి తడి స్వాబ్ ఒక్కటే దారి.

చేసే ముందు ఒక మాట చెప్పడం నా బాధ్యత. బ్లోయర్‌కి పోకపోతే సర్వీస్ సెంటర్‌కి ఇమ్మనే కంపెనీల మాన్యువల్‌లో రాసి ఉంటుంది. మీరు తుడిచి పాడైతే వారంటీ వర్తించకపోవచ్చు. వారంటీ మిగిలి ఉన్నవాళ్లు, చెయ్యి వణికేవాళ్లు కొరియర్‌లో పంపడమే నయం. తప్పనిసరిగా మీరే చేస్తానంటే వినండి.

స్వాబ్ వెడల్పు మీ సెన్సర్ ఎత్తుకి సరిపోవాలి. ఏపీఎస్-సికి 16 మిల్లీమీటర్లది, దానికంటే పెద్దదైన ఫుల్ ఫ్రేమ్ సెన్సర్‌కి 24 మిల్లీమీటర్లది. ఒక్కొక్కటీ విడిగా సీల్ చేసిన ప్యాకెట్లే కొనండి. సెన్సర్ కోసమే తయారుచేసిన ద్రవం వాడండి. చాలావాటిలో మిథనాల్ ఉంటుంది, విషం, మంట అంటుకునేది. పిల్లలకీ పొయ్యికీ దూరంగా పెట్టండి. మందుల షాపు స్పిరిట్, శానిటైజర్, థిన్నర్ వద్దు. స్పిరిట్‌లో నీళ్లు ఉంటాయి, శానిటైజర్‌లో గ్లిజరిన్ లాంటివి ఉంటాయి, ఆరాక అవే మరకలు. థిన్నర్ అయితే లోపలి ప్లాస్టిక్‌ని తినేస్తుంది. చెవిలో పెట్టుకునే దూదిపుల్లలు పోగులు వదులుతాయి. కళ్లద్దాల గుడ్డలో ఎప్పటిదో నూనె, ఇసుక ఉంటాయి.

తుడిచే ముందు మళ్లీ బ్లోయర్‌తో ఊదాలి. గట్టి రేణువు ఒక్కటి మిగిలినా స్వాబ్ దాన్ని ఈడ్చుకుపోతుంది. తర్వాత స్వాబ్ అంచున ఒకటి రెండు చుక్కలు వేసి కొన్ని సెకన్లు ఆగండి, పీల్చుకోవాలి. తడి కారేలా ఉండకూడదు, అంచుల గుండా గాజు కిందికి దిగితే విప్పి చేయాల్సి వస్తుంది. కెమెరాని వెల్లకిలా పెట్టి, సెన్సర్ ఒక చివర ఆనించి, కొద్దిగా వంచి, మధ్యలో ఆగకుండా రెండో చివరి దాకా ఒకే లాగుడు. అక్కడ ఎత్తి, స్వాబ్ రెండో వైపు తిప్పి వెనక్కి ఇంకో లాగుడు. అంతే. ఇల్లు తుడిచినట్టు ముందుకీ వెనక్కీ రుద్దకూడదు. ద్రవం దానంతటదే ఆరిపోతుంది. సెన్సర్ చుట్టూ ఉన్న గోడలకి స్వాబ్ తగలనివ్వకండి. అక్కడ గ్రీజు ఉంటుంది, దాన్ని గాజు మీదకి లాక్కొస్తే పని పెరుగుతుంది. బ్రష్‌లతో వచ్చే చిక్కూ ఇదే.

టెస్ట్ ఫొటో తీయండి. మరక పోకపోతే కొత్త స్వాబ్.

కోనసీమ క్లిక్స్ | అమలాపురం

స్వాబ్‌లు ఆర్డర్ పెట్టాను మేస్త్రి గారూ. వచ్చాక రాస్తాను.

గోదారిగట్టు | రాజమహేంద్రవరం

అవి వచ్చేలోగా బ్యాగ్ సంగతి చూడు బాబూ. మన లెన్స్ వెనక మూతలు, బాడీ మూత ఎవరూ తుడవరు. వాటిలో ఉన్న దుమ్మంతా బిగించిన ప్రతిసారీ లోపలికి వెళ్తుంది. మూతలు సబ్బునీళ్లతో కడిగి బాగా ఆరబెట్టు. బ్యాగ్‌ని వాక్యూమ్‌తో లాగించు, లేదా తిరగేసి దులుపు. కడియం నర్సరీల్లో తీసి వస్తే మట్టి, కోతకోసే మిషన్ పక్కన నిలబడితే వరి పొట్టు, అంబాజీపేట వైపు పీచు మిల్లుల దగ్గర కొబ్బరి పొట్టు. ఇవన్నీ బ్యాగ్ అడుగుకే చేరతాయి.

లెన్స్ మార్చేటప్పుడు కెమెరా ఆపి, మౌంట్ నేలవైపు ఉంచి, గాలికి వీపు పెట్టి మార్చు. రెండో లెన్స్ మూత ముందే వదులు చేసి పెట్టుకుంటే ఇంకా తొందరగా అవుతుంది.

ఆకివీడు అబ్బాయి | ఆకివీడు

మా ఇంట్లో కెమెరాని బియ్యం డబ్బాలో పెడతాం, తేమ లాగుతుందని. సరైనదేనా?

యానాం తీరం | యానాం

వద్దు తమ్ముడూ. బియ్యానికి పిండిదుమ్ము ఉంటుంది, తవుడు ఉంటుంది. కెమెరా సందుల్లోకి వెళ్తుంది. తేమ లాగడంలో కూడా సిలికా జెల్‌కి సరిరాదు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా కొను, సిలికా జెల్ సంచులు వెయ్యి, చిన్న తేమ మీటరు ఒకటి లోపల పెట్టు. 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే బాగుంటుంది. మరీ పొడిగా ఉన్నా రబ్బరుకీ గ్రీజుకీ మంచిది కాదు. మన దగ్గర వానాకాలంలో గదిలో తేమ 80 దాటిన రోజులు మామూలే, సంచులు త్వరగా నిండిపోతాయి. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే, నారింజవి ఆకుపచ్చకి తిరిగితే వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వాడొచ్చు. వంట గిన్నెల్లో మాత్రం వేడిచేయకు, నీలం వాటిలో కోబాల్ట్ ఉంటుంది.

తణుకు తులసి | తణుకు

బీరువాలో తోలు కేసులో దాచేవాళ్లకీ ఇదే చెప్పాలి. మా నాన్నగారి పాత లెన్స్ అలాగే పాడైంది. లోపల సాలెగూడు దారాల్లా బూజు పాకింది. ముందు గాజు తళతళలాడుతూనే ఉంది, టార్చ్ వెనకనుంచి వేస్తేనే తెలిసింది. మేస్త్రి గారూ, బూజు సెన్సర్‌కీ పడుతుందా?

మరమ్మతు మేస్త్రి | కాకినాడ

లెన్స్‌లకే ఎక్కువండీ. సెన్సర్ గాజుకి పట్టినవి అరుదు. లెన్స్ లోపలి బూజు బయటనుంచి తుడిస్తే పోదు, విప్పాలి. మొదట్లోనే పట్టుకుంటే శుభ్రపడుతుంది, ఆలస్యమైతే గాజు పూతనే తినేసి శాశ్వతంగా మచ్చ మిగులుస్తుంది. అలాంటి లెన్స్‌ని మిగతావాటితో ఒకే డబ్బాలో పెట్టకండి. వాడకుండా దాచడమే బూజుకి పెద్ద కారణం. వారానికోసారైనా బయటకి తీసి, వెలుగు తగలనిచ్చి, నాలుగు ఫొటోలు తీయండి.

కోనసీమ క్లిక్స్ | అమలాపురం

స్వాబ్‌లు వచ్చాయి, చేశాను! మొదటి స్వాబ్‌కి ఆ మరక పల్చబడింది, రెండోదానికి పూర్తిగా పోయింది. ఎఫ్11 ఫొటో నున్నగా ఉంది. ఎఫ్22లో మాత్రం కుడి అంచున సన్నటి చార ఉంది. మూడోది కూడా వాడేయనా?

మరమ్మతు మేస్త్రి | కాకినాడ

శభాష్. ఆ చార స్వాబ్ ఎత్తిన చోట మిగిలిన ద్రవం. ఎఫ్11లో కనపడకపోతే వదిలేయండి. తాకిన ప్రతిసారీ ఎంతో కొంత ప్రమాదం ఉంటుంది, అవసరం తీరాక ఆగడమే మంచిది. అంతగా కనిపిస్తే అప్పుడు చూద్దాం.

కొల్లేటి కొంగ | కైకలూరు

తీర్థంలో లెన్స్ మార్చాల్సి వస్తే జనంలో వద్దండి. ప్రభలు కౌశిక కాలవ దాటి చేలల్లోకి వచ్చేసరికి మట్టి లేస్తుంది. తోట అంచున ఎవరిదైనా కారులో కూర్చుని, అద్దాలు ఎత్తి, ఏసీ ఆపి మార్చండి. భోగి మంటల పక్కన కూడా లెన్స్ విప్పకండి, ఆ బూడిద చాలా మెత్తన.

కోనసీమ క్లిక్స్ | అమలాపురం

ఒకటే జూమ్‌తో వెళ్తాను. అందరికీ ధన్యవాదాలు. మేస్త్రి గారూ, ఆఖరుగా, వ్యూఫైండర్‌లో ఆ వెంట్రుక అలాగే ఉంది. స్వాబ్‌లు మిగిలాయి కదా, దాన్ని కూడా తుడిచేయవచ్చా?

మరమ్మతు మేస్త్రి | కాకినాడ

వద్దు. ఫోకసింగ్ స్క్రీన్ మెత్తటి ప్లాస్టిక్, ద్రవం తగిలితే మచ్చపడి అలాగే ఉండిపోతుంది. అద్దానికి పూత పైవైపే ఉంటుంది, తుడిస్తే లేచిపోతుంది. కెమెరాని కిందకి వంచి పైన స్క్రీన్ వైపు బ్లోయర్‌తో మెల్లగా ఊదండి. పోతే సరే, పోకపోతే ఉండనివ్వండి, ఫొటోకి దానివల్ల నష్టం లేదు. ఎప్పుడైనా సర్వీస్‌కి ఇచ్చినప్పుడు చెబితే వాళ్లే తీస్తారు. మిగిలిన స్వాబ్ ప్యాకెట్లు చించకుండా సిలికా జెల్ డబ్బాలోనే పెట్టుకోండి, ద్రవం సీసా మాత్రం విడిగా, మూత బిగించి.